మొహమాటం పెట్టెలో సర్దకండి

మన ఇళ్ళల్లో వడ్డనకు ఒక పద్ధతి వుంది. అతిథి "చాలండీ" అంటాడు. ఇల్లాలు "అదేం భోజనం? ఇంకొక్క గరిటె" అంటుంది. అతిథి విస్తరిమీద చేతులు అడ్డం పెడతాడు. ఆ చేతుల సందునుంచే ఆవిడ పప్పు వడ్డించేస్తుంది. మూడోసారి వద్దన్న తరువాతగాని అది నిజమైన "వద్దు" కాదని ఇద్దరికీ తెలుసు. మొదటిసారే "పెట్టండి" అన్నవాడు తిండిపోతు. మొదటిసారి వద్దనగానే ఊరుకున్న ఇల్లాలు పిసినారి. ఈ ఆట మనకు చిన్నప్పటినుంచీ అలవాటు గనుక, ఇది ఆట అనే సంగతే మనకు గుర్తుండదు.

ఈ పద్ధతిలో పెరిగిన పదహారేళ్ళ పిల్లను తీసుకువెళ్ళి ఏ అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఒక కుటుంబంవారి భోజనాల బల్లముందు కూర్చోబెట్టండి. ఇంటావిడ గిన్నె అందించి "ఇంకాస్త వేసుకుంటావా?" అని అడుగుతుంది. పిల్ల అలవాటు చొప్పున "వద్దండీ" అంటుంది. ఆవిడ "సరే" అని గిన్నె పక్కవారికి అందిస్తుంది. అంతే! మళ్ళీ మళ్ళీ బతిమాలడం ఆవిడ దృష్టిలో మర్యాద కాదు. వద్దన్న మనిషి మాటను నమ్మకపోవడం. పిల్ల సగం ఆకలితో వెళ్ళి పడుకుని "ఎంత ఆప్యాయత లేని మనుషులో!" అనుకుంటుంది. "పాపం, పిట్టతిండి తింటుంది" అనుకుంటుంది ఆవిడ. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరి మధ్యా అడ్డం వచ్చింది మన మొహమాటం ఒక్కటే.

పైచదువులకు వెళ్ళే మన పిల్లలు ఎక్కువమంది నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని వండుకుతింటారు. వారి సంగతి వేరు. హైస్కూలు వయసులో ఒక ఏడాది చదువుకు వెళ్ళేవారూ, భాష నేర్చుకోవడానికి వెళ్ళేవారూ, కొత్త వూళ్ళో మొదటి నెలా రెండు నెలలూ ఎక్కడ వుండాలో తెలియనివారూ అక్కడి ఒక కుటుంబంతో కలిసి వుంటారు. ఆ ఏర్పాటును హోమ్‌స్టే అంటారు. ఆ తల్లిదండ్రులు పెట్టె సర్దేటప్పుడు స్వెట్టర్లు, మందులు, కందిపొడి, మామిడితాండ్ర అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతారు. తెలియకుండా సర్దేది ఇంకొకటి వుంది. అదే మొహమాటం. ఈ వారం ఆ బరువు దింపించే ప్రయత్నం చేద్దాం.

ముందుగా, ఆ ఇంటివారు మన పిల్లను ఎందుకు వుంచుకుంటున్నారో తెలుసుకోవాలి. వారు రెండు రకాలు. కొందరు డబ్బు తీసుకుని గదీ, ఉదయం ఫలహారమూ, రాత్రి భోజనమూ ఇస్తారు. భాష నేర్పే బళ్ళూ, కాలేజీలూ చేసే ఏర్పాట్లు ఎక్కువగా ఇటువంటివే. మరికొందరు పైసా పుచ్చుకోకుండా, ఇతర దేశపు పిల్ల తమ ఇంట్లో తమ పిల్లలాగా ఒక ఏడాది పెరగాలనే ఉత్సాహంతో వుంచుకుంటారు. అన్యదేశం వారిని అర్థం చేసుకోవాలంటే వారి ఇంట్లో వారితో కలిసి బతకడమే మార్గమని నమ్మి, డొనాల్డ్ వాట్ అనే అమెరికను 1932లో ఇటువంటి ప్రయత్నం ఆరంభించాడు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ గాయపడినవారిని మోసిన అంబులెన్సు డ్రైవర్ల సంస్థ ఒకటి, యుద్ధం ముగిశాక హైస్కూలు పిల్లలను దేశదేశాల కుటుంబాల్లో వుంచి చదివించే పని చేపట్టింది. ఏ.ఎఫ్.ఎస్. అనే ఆ సంస్థ ఈనాటికీ ఆ పని చేస్తోంది. రెండు రకాల ఇళ్ళలోనూ మంచివారుంటారు. కాని ఏ రకమో తెలియకుండా వెళితే, మొదటి ఇంట్లో అతిగా ఆశపడి, రెండో ఇంట్లో అతిగా ముడుచుకుపోయే ప్రమాదం వుంది.

మొహమాటం మనిషినెంత మాడుస్తుందో చెప్పడానికి గాంధీగారి కథకంటె మంచి కథ లేదు. 1888లో బారిస్టరు చదువుకు లండను వెళ్ళినప్పుడు ఆయనకు నిండా పంతొమ్మిదేళ్ళు లేవు. అక్కడ వున్న డాక్టరు ప్రాణజీవన్ మెహతాగారు, కేవలం చదువుకోసమే కాదు, ఇక్కడి జీవితం తెలుసుకోవడానికి వచ్చావు, అందుకు ఒక కుటుంబంతో కలిసి వుండాలని సలహా యిచ్చారు. కొన్నాళ్ళు ఒక స్నేహితుడి దగ్గర అక్కడి పద్ధతులు నేర్చుకున్న తరువాత, వెస్ట్ కెన్సింగ్టనులో ఒక కుటుంబంలో బస కుదిరింది. ఇంటావిడ వితంతువు, ఇద్దరు కూతుళ్ళు. మాంసం ముట్టనని తల్లికిచ్చిన మాట సంగతి గాంధీగారు ఆవిడకు ముందే చెప్పారు. ఆవిడ జాగ్రత్తగా చూస్తానని మాట యిచ్చింది. రోజూ భోజనం బాగుందా అని అడిగేది. అయినా ఆయన పస్తులున్నంత పనైంది. ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరలు నోటికి పట్టవు. వడ్డించినదానికంటె ఎక్కువ అడగడానికి నోరు రాదు. కూతుళ్ళిద్దరూ బలవంతం చేసి ఒకటో రెండో రొట్టెముక్కలు ఎక్కువ వేసేవారు. పూర్తి రొట్టె తింటేగాని ఆ కుర్రవాడి ఆకలి తీరదని వారికి ఎలా తెలుస్తుంది? రోజూ మైళ్ళకొద్దీ నడుస్తూ శాకాహార హోటలు కోసం వెతికి, చివరకు ఫారింగ్డన్ వీధిలో ఒకటి కనుక్కున్నారు. ఇంగ్లండులో అడుగు పెట్టిన తరువాత కడుపునిండా తిన్నది ఆ రోజేనని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. వ్రతం సంగతి చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు. అది ధర్మానికి సంబంధించిన మాట. "ఇంకో నాలుగు ముక్కలు కావాలండీ" అనడానికి సిగ్గుపడ్డారు. అది ఆకలికి సంబంధించిన మాట. మన పిల్లలూ అంతే. పెద్ద సంగతులు ధైర్యంగా చెబుతారు. దుప్పటి చాలడంలేదనీ, తల రుద్దుకోవడానికి నీళ్ళు చాలలేదనీ, ఆకలేస్తోందనీ చెప్పలేక లోలోపల ముడుచుకుపోతారు. కష్టమంతా ఈ చిన్న సంగతులదే.

కాబట్టి మొదటి ఉపాయం: చెప్పవలసిన దానిలో సగం బయలుదేరకముందే ఉత్తరంలో చెప్పాలి. ఈ విషయంలో ఆనందీబాయి జోషి మనకు ఆదర్శం. మన దేశంనుంచి వెళ్ళి పాశ్చాత్య వైద్యంలో పట్టం పుచ్చుకున్న తొలి స్త్రీలలో ఆవిడ ఒకరు. ఆవిడ చదువు సంగతి ఒక పత్రికలో చదివి, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని రోజెల్ అనే వూళ్ళో వున్న కార్పెంటరు అనే గృహిణి తనంత తానే ఉత్తరం రాసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా సుమారు మూడేళ్ళు ఉత్తరాలు రాసుకున్నారు. ఆచారాలు, పండుగలు, కష్టసుఖాలు అన్నీ కాగితంమీదే పంచుకున్నారు. 1883 జూన్‌లో పద్దెనిమిదేళ్ళ ఆనందీబాయి న్యూయార్కులో ఓడ దిగేసరికి, ఆవిడ వెళ్ళింది పరాయి ఇంటికి కాదు, పిన్నిగారింటికి. తన చీరా, తన శాకాహారమూ వదులుకోవలసిన అవసరం ఆ ఇంట్లో రాలేదు. ఆ వేసవి అక్కడే గడిపి, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, 1886లో డాక్టరయింది.

ఆనాడు ఉత్తరం వెళ్ళడానికి వారాలు పట్టేది. ఈనాడు క్షణంలో పోతుంది. అయినా మన పిల్లలు "ఆ, వెళ్ళాక చూసుకుందాంలే" అంటారు. అలా వదలకండి. ఆ కుటుంబం వివరాలు తెలిసిన రోజునే ఒక ఉత్తరం రాయించండి. తిండి సంగతి విడమరచి రాయాలి. శాకాహారి అన్న ఒక్క మాట చాలదు. అక్కడ ఆ మాటకు గుడ్డు తినేవారనే ఎక్కువగా అర్థం. కూరగాయల సూపులో మాంసం ఉడికించిన నీళ్ళుండవచ్చు. కదిలితే వణికే ఆ మెత్తని మిఠాయిల్లో జంతువుల ఎముకలు, చర్మాలనుంచి తీసే జెలటిన్ వుంటుంది. అందుచేత "మాంసం, చేప, గుడ్డు తినను, పాలు, పెరుగు, వెన్న, జున్ను, అన్నం, పప్పు, కూరలు తింటాను" అని రెండు జాబితాలూ ఇవ్వాలి. తిననివి మాత్రమే చెబితే ఇంటావిడకు గాభరా పుడుతుంది. తినేవి కూడా చెబితే దారి దొరుకుతుంది. అలాగే మందులు, పడని వస్తువులు, పూజ చేసుకునే అలవాటు, కుక్కలంటే భయం, ఏది వున్నా ముందే రాయాలి. దాచినది బయటపడితే ఇబ్బంది. చెప్పినది ఎంత వింతగా వున్నా ఇబ్బంది కాదు.

రెండో ఉపాయం: మొదటి సాయంత్రమే అడగవలసినవన్నీ అడిగేయాలి. కొత్తలో అడిగితే కొత్తగనుక అడిగింది అనుకుంటారు. నెల పోయాక అడగడానికి మనకే సిగ్గు వేస్తుంది. రాత్రి భోజనం ఎన్నింటికి? చాలా ఇళ్ళలో సాయంత్రం ఆరింటికే అయిపోతుంది. స్నానానికి ఎవరికి ఏ వేళ? చాలామంది ఇళ్ళలో వేడినీళ్ళు ఒక పీపాలో కాగి వుంటాయి. మనం అరగంటసేపు పోసుకుంటే తరువాతివారికి చన్నీళ్ళే గతి. ఫ్రిజ్‌లో ఏవి అడగకుండా తీసుకోవచ్చు, ఏవి అడగాలి? బట్టలు ఏ రోజు వుతుక్కోవచ్చు? చలి వేస్తే గది వేడి తనే పెంచుకోవచ్చా? తాళంచెవి ఇస్తారా? ఆలస్యమైతే ఎవరికి ఫోను చేయాలి? ఇవి అడిగితే విసుక్కునేవారు అరుదు. అడగకుండా తోచినట్టు చేస్తేనే చిక్కు.

డాక్టరు మెహతాగారు గాంధీగారికి మొదటి రోజునే చెప్పిన పాఠం వేరొకటి వుంది. ఇతరుల వస్తువులు ముట్టుకోవద్దు, గట్టిగా మాట్లాడవద్దు, మొదటి పరిచయంలోనే ప్రశ్నలు వేయవద్దు అని. ప్రశ్నలు అడగమంటూనే వద్దంటున్నారేమిటి అనకండి. "జీతమెంత? పెళ్ళెందుకు చేసుకోలేదు? పిల్లలెందుకు లేరు?" ఇవి వారి జీవితాన్ని తవ్వే ప్రశ్నలు. "ఈ చెత్త ఏ డబ్బాలో వేయాలి?" అనేది వారి ఇంటిని గౌరవించే ప్రశ్న. మొదటిరకం మనకు నోటికి వచ్చినంత సులువుగా రెండోరకం రాదు. తిరగేసి నేర్చుకోవాలి.

ఇక ఇంటి సంగతులు రెండు మూడు. అక్కడి స్నానాలగదిలో చాలాచోట్ల నేలమీద నీళ్ళు పోయే తూము వుండదు. తొట్టిలో నిలబడి, తెర అంచు తొట్టి లోపలికి వేసుకుని స్నానం చేయాలి. మనలాగా చెంబుతో నేలమీద పోసుకుంటే నీరు కిందిగది కప్పులోకి దిగుతుంది. వంటింట్లో తిరగమోత పెట్టేముందు పొగ సంగతి అడగాలి. ఇళ్ళల్లో పొగ పసికట్టి మోగే గంటలుంటాయి. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే అది ఇల్లు దద్దరిల్లేటట్టు మోగుతుంది. కిటికీలన్నీ మూసిన చలికాలంలో ఆ ఘాటు పరుపుల్లోకి కూడా పడుతుంది. తిన్న కంచం బల్లమీదే వదిలి లేవకూడదు. మన ఇంట్లో అతిథి కంచం ఎత్తితే మనకు అవమానం. అక్కడ ఎత్తకపోతే వారికి అవమానం, తమను పనివాళ్ళనుకుంటోందని. చిన్న సాయానికైనా "థాంక్స్" చెప్పాలి. అమ్మకు థాంక్స్ చెబితే పరాయిదాన్ని చేశావంటుంది. ఆవిడకు చెప్పకపోతే పరాయిదాన్ని చేశావనుకుంటుంది. మనం అవుననడానికి అటూ ఇటూ తల ఊపుతామే, అది వారికి కాదన్నట్టు కనిపిస్తుంది. తలతోపాటు నోటితో కూడా చెప్పాలి. ఏమని పిలవాలో తెలియకపోతే అదీ అడగాలి. పేరు పెట్టి పిలవమంటే, నాలుక తడబడినా, పిలవాలి.

మన భయాలు సరే, అవతలివారికి కూడా భయాలుంటాయని మనం మరచిపోతాం. రవీంద్రనాథ ఠాగూరు 1878లో పదిహేడేళ్ళ వయసున ఇంగ్లండు వెళ్ళినప్పుడు, కొంతకాలం లండనులో స్కాట్ అనే డాక్టరుగారి ఇంట్లో వున్నాడు. సామాను దించేసరికి ఇంట్లో డాక్టరుగారూ, భార్యా, పెద్దకూతురూ మాత్రమే వున్నారు. చిన్నకూతుళ్ళిద్దరూ ఎవరో ఇండియా మనిషి వస్తున్నాడని బెదిరి చుట్టాలింటికి వెళ్ళిపోయారట! అతనివల్ల అపాయమేమీ లేదని కబురందాకగాని తిరిగి రాలేదు. కొద్దిరోజుల్లోనే ఠాగూరు ఆ ఇంటి మనిషి అయిపోయాడు. స్కాటు దొరసాని అతన్ని కన్నకొడుకులాగా చూసింది. సాయంకాలం భర్త ఇంటికి వచ్చేసరికి ఆవిడ అతని చెప్పులు కూడా చలిమంట దగ్గర వెచ్చచేసి వుంచేదనీ, మనిషి స్వభావం ఎక్కడైనా ఒక్కటేనని అక్కడే తెలుసుకున్నాననీ ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. సెలవు తీసుకునేటప్పుడు, ఇంత తొందరగా వెళ్ళిపోయేదానికి ఎందుకు వచ్చావని ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చిందట.

ఈ ఆత్మీయత మొదటి రోజున రాదు. మొదటి వారం అంతా వింతగా, పండుగలాగా గడుస్తుంది. తరువాత ఒకరోజు హఠాత్తుగా ఏదీ నచ్చదు. ఆ రొట్టె వాసన పడదు. నాలుగింటికే పడే చీకటి పడదు. వారు తమలో తాము నవ్వుకుంటే తనను చూసి నవ్వినట్టుంటుంది. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1954లో చేసిన ఒక ప్రసంగంలో ఈ స్థితిని ఒక జబ్బుతో పోల్చి, దాని దశలు వివరించాడు. ముందు మోజు, తరువాత విసుగూ కోపమూ, ఆ తరువాత నెమ్మదిగా కుదుటపడటం. జబ్బుకు పేరు తెలిస్తే సగం భయం పోతుంది. రాత్రిళ్ళు తల్లిని తలచుకుని గాంధీగారికే కన్నీళ్ళు ఆగలేదంటే, మన పిల్ల ఏడవడంలో వింతేముంది?

ఇక్కడే అమ్మలతో ఒక మాట. పిల్ల ఫోనులో ఏడిస్తే "అయ్యో, వచ్చేయమ్మా" అనకండి. "డబ్బు పోశాం, ఓర్చుకో" అని కూడా అనకండి. "వారితో చెప్పావా?" అని అడగండి. అంతకంటె మంచి ప్రశ్న లేదు. న్యూయార్కుకూ మనకూ చలికాలంలో పదిన్నర గంటల తేడా. మనం తీరికగా మాట్లాడే ఉదయం తొమ్మిది వారికి ముందురోజు రాత్రి పదిన్నర. రోజూ ఆ వేళ గంటలకొద్దీ బొమ్మ చూస్తూ మాట్లాడే పిల్ల ఒళ్ళు అక్కడా, మనసు ఇక్కడా వుంటుంది. వారానికి రెండుసార్లు, వేళ పెట్టుకుని మాట్లాడటం మేలు.

చివరగా, ముఖ్యమైన సంగతి. అన్ని ఇళ్ళూ స్కాటుగారి ఇళ్ళు కావు. కడుపునిండా తిండి పెట్టకపోవడం, గదికి గడియ లేకపోవడం, పసిపిల్లలను కనిపెట్టుకోవడమూ ఇల్లు తుడవడమూ జీతం లేని పనిగా అప్పగించడం, ఇంట్లో ఎవరి చూపో, చేయో హద్దు మీరడం జరగవచ్చు. అటువంటప్పుడు "పాపం, ఇంత ఆదరించారు, ఎలా చెప్పను?" అనే మొహమాటం ప్రమాదకరం. ఏర్పాటు చేసిన సంస్థవారికో, బడివారికో వెంటనే చెప్పాలి. ఇల్లు మార్చమని అడగడం కృతఘ్నత కాదు. అపాయం అనిపిస్తే అమెరికాలో 911, ఇంగ్లండులో 999 కు ఫోను చేయాలి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి దాచమనకూడదు. ఈ నాలుగు మాటలూ విమానాశ్రయంలో కన్నీళ్ళ మధ్య కాకుండా, ఇంట్లో కూర్చోబెట్టి, తండ్రి కూడా పక్కన వుండగా, ఆడపిల్లకూ మగపిల్లవాడికీ కూడా చెప్పండి. "నువ్వు ఏం చెప్పినా మేం నమ్ముతాం" అన్న మాట కూడా కలిపి చెప్పండి. పిల్ల నోరు తెరవాలంటే ముందు ఆ భరోసా కావాలి.

ఆనందీబాయి డాక్టరయి తిరిగి వచ్చిన కొద్ది నెలలకే, 1887 ఫిబ్రవరిలో, ఇరవైరెండేళ్ళయినా నిండకుండా క్షయతో కన్నుమూసింది. ఆవిడ చితాభస్మాన్ని అమెరికాలోని కార్పెంటరుగారికి పంపారు. న్యూయార్కు రాష్ట్రంలో పొకీప్సీ అనే వూళ్ళో, తమ కుటుంబంవారి సమాధుల మధ్యనే ఆ ఇంటివారు దానికి చోటిచ్చారు. ఉత్తరాల్లో ఒకరికొకరు మనసు విప్పి చెప్పుకోవడంతో మొదలైన చుట్టరికం అది.

మీ ఇంటినుంచి ఎవరైనా ఇలా ప్రయాణమవుతూ వుంటే, నెలరోజుల ముందునుంచే ఒక అభ్యాసం పెట్టండి. అన్నం దగ్గర ఒక్కసారే అడగండి. వద్దంటే గిన్నె మూత పెట్టేయండి. రెండురోజులు మీ ప్రాణం ఉసూరుమంటుంది. మూడోరోజున "అమ్మా, ఇంకాస్త పప్పు కావాలి" అని పిల్ల తనే అడుగుతుంది. ఆ మాట నోటికి అలవాటైతే, ఇక ఆ పిల్ల ఏ దేశంలోనైనా, ఎవరి బల్లముందైనా పస్తుండదు.